పాత కంటి ఎరుపు

లాప్‌టాప్ కొనడానికి అరకిలో ఎండుమిరపకాయలు పట్టుకెళ్లిన మనిషి గుంటూరులో నేనొక్కదాన్నే అయి ఉంటాను. కాయలతోపాటు మా అత్తయ్యను కూడా తీసుకెళ్లాను. రెండింట్లో ఏది ఎక్కువ ఘాటో చెప్పడం కష్టం.

ఎందుకు వెళ్లానో చెప్పాలంటే ముందు నా పాత లాప్‌టాప్ సంగతి చెప్పాలి. నేను పొలాల ఫొటోలు తీస్తాను. ఒక విత్తనాల కంపెనీ వాళ్లు తమ మిరప రకాలన్నిటినీ బొమ్మలతో పుస్తకం వేయిస్తారు. ప్రత్తిపాడు నుంచి ఒంగోలు అవతల దాకా ఏ ఊళ్లో ఏ రకం పండిందో తెలుసుకుని, చేలో ఒకసారి, కల్లంలో ఆరబోశాక ఒకసారి నేను తీసి పంపాలి. కల్లమంతా ఒక్క ఫొటోలో పట్టదు. ముక్కలు ముక్కలుగా తీసి అతుకుతాను. అలా అతికిన ఫొటోని పెద్దది చేసుకుంటూ పోతే ఏ మూలనో కాయ మీద వాలిన ఈగ కాళ్లు కూడా కనిపిస్తాయి. అంత బరువైన ఫైలుని పాత లాప్‌టాప్‌లో తెరిచి, టీ పెట్టుకుని, తాగి, గ్లాసు కడిగి వచ్చేసరికి సగం కల్లం వచ్చి ఉండేది. మిగతా సగం దేవుడి దయ.

ఇంట్లో చూసుకోవచ్చుగా అంటాడు మా ఆయన. ఇంటికొచ్చి చూసుకునేసరికి కల్లం ఎత్తేస్తారు, కాయ మిర్చి యార్డుకి పోతుంది. తప్పు పడితే ఆ పూటే, ఆ గట్టు మీదే తెలియాలి.

నిదానమొక్కటే అయితే భరించేదాన్ని. అది రంగు కూడా తప్పు చూపించింది. కిందటేడు దాంట్లో చూసి సరిచేసి పంపిన కాయలు అచ్చులో ఇటుక రంగు తేలాయి. కంపెనీ మేనేజరు ఫోన్ చేసి, "మేడమ్, మా విత్తనం వేస్తే తాలుకాయ కాస్తుందని మీరే ప్రచారం చేసినట్టుంది" అన్నాడు. తాలంటే రంగు పోయి తెల్లబారిన కాయ. ఆ మాట మిరప పండే ఊళ్లో పుట్టినదానికి చెంపదెబ్బ. ఈసారి నాతోపాటు కల్లాల వెంట తిరిగే లాప్‌టాప్ కొనాలి, అది అబద్ధం ఆడకూడదు అని ఒట్టు పెట్టుకున్నాను.

మా ఇంట్లో ఎరుపు గురించి ఆఖరిమాట మా అత్తయ్యది. మా ఇంట్లోనే ఏంటి, మా ఊళ్లోనే. ముప్పై ఏళ్లకు పైగా ఆమె మిరపకాయలు ఏరుతోంది. షెడ్డు నీడలో ఆడవాళ్లంతా వరసగా కూర్చుంటారు, ఎదురుగా కాయ రాశి, మంచికాయ ముందుకి, తాలు వెనక్కి. మిగతావాళ్లు కబుర్లు ఆపి ఏరుతుంటే మా అత్తయ్య కబుర్లు చెబుతూ ఏరుతుంది. రైతుకీ బేరగాడికీ మాట తేలకపోతే ముఠా మేస్త్రి గుప్పెడు కాయలు తెచ్చి ఆమె ఒళ్లో పోసి, "అక్కా, ఓసారి చూడు" అంటాడు. ఆమె రెండు కాయలు తిప్పి, "వాన తగిలింది" అనో, "పోయినేటి సరుకు కలిపారు" అనో అంటుంది. అంతే, బేరం అక్కడితో తెగుతుంది. ఆమె మాట మీద ఎదురు మాట్లాడిన రైతుని నేను చూడలేదు.

సాయంత్రం ఇంటికొస్తే ఆమె వేళ్లు మండుతుంటాయి. పెళ్లైన కొత్తలో, మంచి కోడలిననిపించుకోవాలని కొబ్బరినూనె గిన్నె తీసుకెళ్లాను. "తీసెయ్యమ్మాయ్. నూనె రాస్తే చెయ్యి మొద్దుబారుద్ది" అంది. మళ్లీ ఎప్పుడూ తీసుకెళ్లలేదు.

అలాంటి మనిషికి రెండు కళ్లలోనూ శుక్లాల పొరలొచ్చాయి. ముందటేడు ఎండాకాలంలో కుడికంటికి ఆపరేషన్ చేయించాం. నెల్లాళ్లాగి ఎడమకంటికి రమ్మన్నారు. ఆమె వెళ్లలేదు. కట్టు విప్పిన రోజు ఇంటికి రాగానే ఆమె చూసింది మా ముఖాలు కాదు, వంటింట్లో డబ్బాలో కాయలు. చూసి, "ఇదేం ఎరుపు? ఇంత గోలగా ఉందేంది?" అంది. తెల్లచీరెలన్నీ నీలం పెట్టినట్టున్నాయంది. పసుపు పొర పోయింది కాబట్టి అసలు రంగే కనపడుతోందని డాక్టరు చెప్పినా వినకుండా, ఆస్పత్రివాళ్లు తన కన్ను పాడు చేశారని తీర్మానించుకుంది.

ఎడమకంటి పొర బాగా ముదిరిందనీ, ఇంకా ఆలస్యం చేస్తే పని కష్టమవుతుందనీ డాక్టరు గట్టిగానే చెప్పింది. మా ఆయన బతిమాలాడు. నేను పోట్లాడాను. నాకు బతిమాలడం రాదు. పాస్టరు గారి చేత కూడా చెప్పించాం.

"ఉన్న ఒక్క కన్నూ వాళ్ల చేతిలో పెట్టమంటారా?" అంది ఆమె. "దీనికీ ఆ గోల ఎరుపే వస్తే నన్ను ఆ వరసలో ఎవరు కూర్చోనిస్తారు? కూర్చోబెట్టి కూడెవరు పెట్టమన్నారు మిమ్మల్ని?"

ఆ మాట తర్వాత ఇంట్లో ఎవరూ ఆ ప్రస్తావన తేలేదు. పొర మాత్రం దాని పని అది చేసుకుపోతూనే ఉంది.

ఈ ఏడు మొదటి కోత కాయ కల్లాల్లోకి వచ్చిన వారంలో గుంటూరు బయల్దేరాను. నాకు నిజమైన ఎరుపు చూపించే స్క్రీన్ కావాలి, నిజమైన ఎరుపు తెలిసిన మనిషి ఇంట్లోనే ఉంది. పోట్లాటలో ఉన్నా సరే, "అత్తయ్యా, నా పనికి నీ కన్ను కావాలి" అంటే మురిసిపోయి చీరె మార్చుకుంది. నేను అంతకుముందు రోజు ఫొటో తీసిన కల్లంలోంచే అరకిలో కాయలు గుడ్డసంచిలో వేసుకుంది.

కొట్టాయన యాభై దాటిన మనిషి, మర్యాదస్తుడు. నాకేం కావాలో విని మూడు తీసి వరసగా పెట్టాడు. మూడూ నా ఫైలుని కళ్లు ఆర్పేలోగా తెరిచాయి. టీ మాట దేవుడెరుగు, నోట్లో ఉమ్మి మింగే టైమ్ కూడా పట్టలేదు. మొదటిది కాస్త బరువు, కానీ కెమెరా కార్డు నేరుగా పెట్టుకోవచ్చు. రెండోది విస్తరాకంత పల్చన, కార్డు పెట్టాలంటే వైరుతో వేరే తోక తగిలించాలి. మూడోదాని స్క్రీన్ ధగధగ మెరిసిపోతోంది. ఏది తెచ్చుకున్నా మెమరీ, వేగం, బ్యాటరీ దాదాపు ఒకటే. తేల్చాల్సింది రంగు ఒక్కటే. రంగులు కొలిచే చిన్న మీటరు నా దగ్గరుంది. దాన్ని వాడాలంటే లాప్‌టాప్‌లో ఒక ప్రోగ్రాం ఎక్కించాలి. కొత్త పీసుల్లో ఏమీ ఎక్కించనివ్వనండీ అన్నాడాయన.

"సరే, అత్తయ్యా, కాయలు తియ్యి" అన్నాను.

సంచి విప్పి బల్ల మీద పోసింది. తలుపులు మూసిన ఏసీ గది. ముందు కొట్టాయన తుమ్మాడు. తర్వాత ప్రింటరు కొనడానికొచ్చిన దంపతులు, తర్వాత నేను. ఆ దంపతులు ప్రింటరు రేపు కొంటామని వెళ్లిపోయారు. అత్తయ్య ఒక్కతే తుమ్మకుండా మమ్మల్నందరినీ జాలిగా చూసింది.

"ఈ బేరంలో చాలామందిని చూశానండీ. శాంపిల్ తెచ్చినవాళ్లు మీరే" అన్నాడాయన కళ్లు తుడుచుకుంటూ.

మూడింట్లోనూ ఒకే ఫొటో పెట్టాను, బల్ల మీద ఉన్న కాయల ఫొటోనే. ఆమె కుర్చీ దగ్గరికి జరుపుకుని, గుప్పెడు కాయలు ఒళ్లో పోసుకుని, పైట కొంగు తల మీద నుంచి కుడికంటి మీదకి లాక్కుంది. ఆ లాక్కోవడం ఎంత అలవాటుగా ఉందంటే నేను మొదట గమనించనేలేదు. ఎడమకన్ను చిట్లించి మొదటిది చూసింది, రెండోది, మూడోది. కాయ ఒకటి పట్టుకుని పక్కన పెట్టి మళ్లీ చూసింది.

"మూడూ ఒకటే అమ్మాయ్. మంచికాయే. ఏదో ఒకటి తీసుకో."

మూడూ ఒకటి కాదు. అది నాకే తెలుస్తోంది, దారిన పోయేవాళ్లకి కూడా తెలుస్తుంది. కొట్టాయన నా వైపు చూసి చూపు తిప్పుకున్నాడు. జిల్లాలో ఎరుపు తెలిసిన మనిషని గొప్పలు చెప్పుకుంటూ తీసుకొచ్చినదాన్ని నేను. సిగ్గు వేసింది, వెంటనే ఆ సిగ్గుపడ్డందుకు నా మీద నాకే కోపం వచ్చింది. అప్పుడు ఆ కొంగు చూశాను.

"అత్తయ్యా, ఏరేటప్పుడు కూడా ఆ కన్ను మూసుకునే ఏరుతున్నావా?"

"మరి? అది అబద్ధాలు చెబుద్దిగా."

కిందటేడు సీజనంతా ఆమె తలకి కొంగు అడ్డం చుట్టుకుని కూర్చుంటే దుమ్ముకనుకున్నాను. ఆపరేషన్ చేసిన మంచి కన్నుని మూసి, పొర కమ్మిన కన్నుతో ఏరింది. ముప్పై ఏళ్ల ఎరుపు ఆ కంట్లోనే ఉందని ఆమె నమ్మకం. మిరపకాయ ఏరే మనిషి తప్ప ఇంకెవరూ చెయ్యలేని తప్పు అది.

"చెప్పనీ అబద్ధం. ఏం చెబుతుందో విందాం. కొంగు ఈ పక్కకి లాక్కో" అన్నాను, నా మామూలు గొంతుతోనే, అంటే కాస్త కసురుతున్నట్టే.

నా పంతం చూసి విసుక్కుంటూ కొంగు ఎడమకంటి మీదకి మార్చుకుంది. కుడికన్ను తెరిచి మొదటి లాప్‌టాప్ చూసింది. మూడూ చూసి, ఒళ్లోంచి కాయ తీసి ఒక్కోదాని పక్కనా పెట్టి చూసింది. అప్పుడు మేస్త్రి ఒళ్లో పోసిన కాయకి చెప్పినట్టే తీర్పు చెప్పింది.

"ఇది మొన్న కోసింది. నా ఒళ్లో ఉన్నదే ఇది. ఈ నడిమిదానికి వాన తగిలింది, రంగు చచ్చింది. ఇదుగో, ఈ మెరిసేది రంగు పూసిన కాయ. ఇట్టాంటిది యార్డులో అమ్మితే కేసు పెడతారు."

"అదేనండీ ఎక్కువ అమ్ముడుపోయేది" అన్నాడు కొట్టాయన.

"పోద్ది. రంగు కాయ ఎప్పుడూ ముందే పోద్ది."

ఆయనకేమనిపించిందో, మీటరు పెట్టి చూసుకోండి అన్నాడు. ప్రోగ్రాం ఎక్కించి ఒక్కోదాని మీదా ఆనించాను. మొదటిది దాదాపు నిజం. రెండోదాంట్లో ఎరుపు చాలదు. మూడోది ఎరుపుని ఉన్నదానికంటే ఎక్కువ చేసి చూపిస్తోంది. మీటరు పావుగంట సేపు గీతలు గీసి చెప్పిందాన్ని ఆమె మూడు ముక్కల్లో చెప్పేసింది. కొట్టాయన లేచి నిలబడి, "మీరు మామూలు మనిషి కాదమ్మా" అన్నాడు. నేనూ ఆ మాటే అందామనుకుని ఊరుకున్నాను. కోడళ్లకి కొన్ని మాటలు త్వరగా రావు.

మొదటిదే తీసుకున్నాను. కాయలు ఏరి సంచిలో వేస్తున్నప్పుడు గానీ ఆమె ముఖం చూడలేదు. పాలిపోయి ఉంది.

బస్సులో కిటికీ పక్కన కూర్చుంది. పత్తిచేలు, మిరపచేలు, టార్పాలిన్ పట్టాల మీద ఆరబోసిన కాయలు దాటిపోతున్నాయి. ఆమె ఒకసారి ఈ కన్ను, ఒకసారి ఆ కన్ను మూసి చూస్తోంది. ఊరు ఇంకా రెండు స్టాపులుందనగా అడిగింది.

"అయితే కిందటేడంతా గుడ్డికన్నుతోనా నేను ఏరింది?"

రెండేళ్లుగా నేను మొత్తుకుంటున్నది అదే. చెప్పానా లేదా అనడానికి నోరు తెరిచాను కూడా.

"ఎంతమంది రైతుల కాయలో తాలు కలిపానో" అంది. "నా మాట మీద ఎంతమంది బేరం పోయిందో. రేపు మేస్త్రికి చెప్పేసి మానేస్తానమ్మాయ్."

నోరు మూసుకున్నాను. ఆపరేషన్ వద్దన్నప్పుడు కూడా ఆమె భయపడటం చూశాను గానీ, సిగ్గుపడటం చూడలేదు.

మర్నాడు ఆమె మేస్త్రి దగ్గరికి బయల్దేరుతుంటే అడ్డం పడ్డాను. ఒక్క మాట నన్ను తొలుస్తోంది. అంత మసక కన్నుతో ఏరితే ఒక్క బస్తా అయినా తిరిగి రావాలిగా? ఒక్క రైతైనా నోరెత్తాలిగా? మా ఊరి రైతులు పుల్ల విరిచినంత తేలిగ్గా మాట అనేస్తారు, ఎవరినీ వదలరు. చేటలో కాయలు పోసి, పక్కింటి కల్లం నుంచి తాలు తెచ్చి కలిపి, ఆమె ముందు పెట్టాను.

"రెండు కళ్లూ మూసుకుని ఏరు."

"నీకేమన్నా పిచ్చా?"

"పిచ్చే. ఏరు."

కళ్లు మూసుకుంది. మొదటి నాలుగు కాయలు తడుముకుంది. తర్వాత చేతులు వాటి దారిన అవి పోయాయి. మంచిది ముందుకి, తాలు వెనక్కి. కాయ వేళ్ల మధ్య ఒక్క క్షణం కూడా ఆగడం లేదు. గలగలమని చిన్న చప్పుడు, మళ్లీ ఇంకో కాయ. ఏం చూస్తున్నావు వేళ్లతో అని అడిగాను. "ఏమోనే. తాలు తేలిగ్గా ఉంటది, తొక్క కాగితంలా నలుగుద్ది. గింజ మోగుద్ది. నేనేం చూడట్లా" అంది.

చేట ఖాళీ అయింది. రెండు కుప్పల్నీ దగ్గరగా ఫొటోలు తీసి, అతికి, కొత్త లాప్‌టాప్‌లో తెరిచాను. ఒక్కో కాయనీ అరచేతంత చేసి చూశాను. మంచి కుప్పలో ఒక్క తాలు లేదు. తాలు కుప్పలో మాత్రం రెండు మంచికాయలు దొరికాయి, నిగనిగలాడుతూ, మచ్చ లేకుండా. దొరికినందుకు నాకు లోపల ఏ మూలో సంతోషం కూడా వేసింది. మనిషిని కదా.

"ఈ రెండూ తప్పు వేశావు" అన్నాను.

ఆమె కళ్లు తెరవకుండానే చెయ్యి చాపి వాటిని తీసుకుని, వేళ్లతో ఒకసారి దొర్లించింది. "విరిచి చూడు."

విరిచాను. రెండింట్లోనూ గింజల చుట్టూ బూజు. బయటికి ఏమీ తెలియదు. ఈగ కాళ్లు చూపించే నా ఫొటోలో ఆ బూజు లేదు. ఏ కంటికీ కనపడనిది ఆమె వేళ్లకి తెలిసింది. మూడు రోజుల పాటు నా కెమెరా ముట్టుకోబుద్ధి కాలేదు.

ఆమె మేస్త్రి దగ్గరికి వెళ్లింది, మానేస్తానని కాదు, నెల్లాళ్లు రానని చెప్పడానికి. సీజను మధ్యలో, ఆపరేషన్‌కి. ఆమె చోటు ఎవరికీ ఇవ్వనని మేస్త్రి మాటిచ్చాడట.

ఆస్పత్రికి వెళ్లే ముందు ఆదివారం, చర్చి నుంచి వచ్చి భోజనాలయ్యాక నా పక్కన కూర్చుంది. "కన్ను బాగు చేశాక ఆ ఎరుపు ఇంక కనపడదా?" అని అడిగింది.

"ఏ ఎరుపు?"

"పాతది. ఈ కంటిది."

కనపడదన్నాను. తల ఊపింది. దాని గురించి బెంగ పెట్టుకున్నట్టు ముఖం చూస్తే తెలుస్తోంది. ఆ కన్ను ఎప్పుడు మసకబారడం మొదలైందో ఆమెకీ తెలియదు. పొర చెప్పి రాదు. నా పెళ్లి నాటి చీరె ఎరుపూ, మా పిల్లాడి మొదటి చొక్కా ఎరుపూ ఆ కంటితోనే చూసింది.

అప్పుడు లాప్‌టాప్ తెరిచి ఆ కల్లం ఫొటో పెట్టాను. అసలు ఫొటోని ఎడమకంటితో చూడమన్నాను. తర్వాత దాని నకలు పెట్టి కుడికంటితో చూడమని, రెండూ ఒకటయ్యే దాకా రంగులు మార్చుకుంటూ పోయాను. "ఇంకా పసుపు కలుపు" అంది. కలిపాను. "వెలుతురు తగ్గించు. ఇంకా." తగ్గించాను. "అంచులు అంత కచ్చితంగా ఉండవు." చెరిపాను. పాత లాప్‌టాప్ అయితే ఒక్కో మార్పుకీ ఒక పూట పట్టేది. సాయంత్రం నాలుగింటికి ఆమె ఒక కన్ను, ఇంకో కన్ను మార్చి మార్చి చూసి, "ఇదే" అంది.

నేనూ చూశాను. కల్లం లేదు. కాయలు లేవు. మురికినీళ్ల అడుగున ఏదో గోధుమరంగు రాశి ఉన్నట్టుంది, అంతే. ఈ చూపుతో ఈమె సూదిలో దారం ఎక్కించమని నన్ను ఒక్కసారి కూడా అడగలేదు. ఈ చూపుతో రోజూ తెల్లారే నడిచి షెడ్డుకి వెళ్లింది, మా ఊరి కాయకి మంచిచెడ్డ చెప్పింది, ఒక్క మాట తప్పలేదు. ఈ మనిషితోనా నేను ఇన్నేళ్లూ గొంతు పెంచి మాట్లాడింది అనిపించింది. ఆ ఫైలుకి ఏం పేరు పెట్టాలో తోచక తారీఖు వేసి దాచాను.

ఆపరేషన్ బాగా జరిగింది. నెల గడిచాక, రెండు కళ్లతో బయట కూర్చుని వచ్చేపోయేవాళ్లకి వంకలు పెడుతున్న రోజుల్లో, ఆమె ముందు ఆ ఫొటో పెట్టాను. గుర్తుపట్టలేదు.

"ఇదెక్కడి కల్లం? ఈ కాయ ఎవరు కొంటారు?"

"ఇది నీ పాత కన్ను అత్తయ్యా. ఆ ఆదివారం నువ్వే 'ఇదే' అన్నావు."

నమ్మలేదు. దగ్గరికి వంగింది. తర్వాత చెయ్యి చాపి స్క్రీన్ మీద వేళ్లు ఆనించి, కాయ దొర్లించినట్టు ఒకసారి కదిపింది. అలా కదుపుతుంటే ఆమె చూపు ఫొటో మీద నుంచి వేళ్ల మీదకి వచ్చింది. చెయ్యి వెనక్కి తీసుకుని ఎండలోకి పట్టుకుని చూసుకుంది. కొసలు పగిలి, ఎర్రగా, గీతలు చెరిగిపోయి ఉన్నాయి. వాటిని ఆమె అలా చూసుకుని చాలా ఏళ్లయి ఉంటుంది.

"ఇన్నాళ్లూ చూసింది ఇవా" అంది.

కాసేపటికి నా వైపు తిరిగి, కాస్త కొబ్బరినూనె ఉంటే పట్రమ్మాయ్ అంది.